పాత బండికి కొత్త తాళం: ఇగ్నిషన్ లాక్‌ను ఇంటి వద్దనే మార్చుకొను విధానం

చంద్రపూర్ జిల్లాలోని రాజురా, జివతి, కోర్పనా, గోండ్‌పిప్రి తాలూకాల పల్లెలలో మోటారు సైకిల్ కుటుంబానికి ప్రధాన ఆధారం. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రాజురా ప్రాంతపు తెలుగు కుటుంబాలకు బంధుత్వాలు, పెళ్ళిళ్ళు, సంతలు నేటికీ సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. పదిహేను, ఇరవై సంవత్సరాలు నడిచిన బండిలో ఇంజిన్ బాగుండగానే ముందుగా అరిగిపోయే భాగాలలో ఇగ్నిషన్ లాక్ ఒకటి. బొగ్గు గనుల ధూళి, సిమెంటు దుమ్ము, వర్షాకాలపు తేమ ఈ అరుగుదలను మరింత పెంచుతాయి.

తాళం నిర్మాణం

ఇగ్నిషన్ లాక్‌లో రెండు భాగాలు ఉంటాయి. పై భాగం తాళం, క్రింది భాగం విద్యుత్ స్విచ్. తాళంలోని గుండ్రని దిమ్మెలో స్ప్రింగులపై నిలిచిన పలుచని ఇత్తడి పలకలు ఉంటాయి. తాళంచెవి పళ్ళు ఈ పలకలన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చినప్పుడే దిమ్మె తిరుగుతుంది. 1861లో అమెరికాకు చెందిన లైనస్ యేల్ పేటెంటు పొందిన పిన్ను తాళంలో కూడా మూలసూత్రం ఇదే. తాళంచెవిని త్రిప్పి ఇంజిన్‌ను స్టార్ట్ చేయు పద్ధతిని కార్లలో క్రిస్లర్ సంస్థ 1949 మోడళ్ళలో ప్రవేశపెట్టింది.

లోపమును గుర్తించుట

తాళం కొనడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించుకొనవలెను. తాళంచెవి తిరిగినా న్యూట్రల్ దీపం, హారన్ పనిచేయకపోతే మొదట ఫ్యూజును, బ్యాటరీ తీగలను పరీక్షించాలి. హ్యాండిల్ త్రిప్పినప్పుడు దీపం వెలిగి ఆరుతూ ఉంటే తాళం క్రింది తీగ లోపల తెగి ఉండవచ్చును. తాళంచెవి తిరగకపోతే, దాచి ఉంచిన రెండవ తాళంచెవితో ప్రయత్నించాలి. అది సులభంగా తిరిగితే అరిగినది తాళం కాదు, తాళంచెవి మాత్రమే.

బిగుసుకున్న తాళంలో ఇంజిన్ ఆయిల్ పోయడం సరికాదు. నూనెకు దుమ్ము అంటుకొని కొద్ది నెలలలో మరింత బిగుసుకుంటుంది. మెత్తగా నూరిన పెన్సిల్ ముల్లు పొడిని తాళంచెవికి రాసి పలుమార్లు లోపలికి, బయటకు కదిలించుట మేలు. వేరే బండి తాళంచెవితో కూడా తాళం తిరుగుతున్నా, ఇంజిన్ నడుస్తుండగా తాళంచెవి ఊడి వస్తున్నా పలకలు పూర్తిగా అరిగినట్లే. అటువంటి తాళాన్ని మార్చక తప్పదు.

కొనుగోలు

దుకాణంలో బండి పేరు, తయారైన సంవత్సరం చెప్పి ‘లాక్ సెట్’ అని అడగాలి. ఇందులో సాధారణంగా ఇగ్నిషన్ లాక్, పెట్రోలు ట్యాంకు మూత, ప్రక్క డబ్బా లేదా సీటు తాళం ఒకే తాళంచెవికి సరిపోయేలా వస్తాయి. పాత తాళాన్ని వెంట తీసుకువెళ్ళి కప్లర్‌లోని పిన్నుల సంఖ్యను, బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని సరిచూసుకొనవలెను. బిల్లుపై బండి నంబరు వ్రాయించుకొనుట మరువరాదు.

మార్చు విధానం

1. హ్యాండిల్ లాక్ తీసి, బండిని సెంటర్ స్టాండుపై నిలపాలి. హ్యాండిల్ లాక్ పడి ఉండగా పని మొదలుపెట్టరాదు.

2. బ్యాటరీ మైనస్ తీగను ముందుగా విప్పాలి. పానా పొరపాటున ఇనుప చట్రానికి తగిలినా మంటలు రేగకుండా ఇది కాపాడుతుంది.

3. హెడ్‌లైట్ విప్పి, తాళం నుండి వచ్చే తీగల కప్లర్‌ను గుర్తించాలి. విప్పక ముందే మొబైల్‌తో ఫోటో తీసుకొనుట మంచిది. కప్లర్‌ను పట్టుకొని లాగాలి, తీగలను పట్టుకొని లాగరాదు.

4. తాళాన్ని పట్టి ఉంచిన బోల్టులను విప్పాలి. కొన్ని వాహనాలలో దొంగలు విప్పలేకుండా తల విరిగిపోయే బోల్టులు బిగిస్తారు. వీటిని చిన్న ఉలితో అంచున కొట్టి ఎడమ వైపుకు త్రిప్పాలి, లేదా డ్రిల్లింగ్ చేయించాలి. వాటి స్థానంలో అదే రకపు కొత్త బోల్టులే వాడాలి.

5. కొత్త తాళం బిగించి, తీగను పాత దారిలోనే నడపాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు త్రిప్పి తీగ సాగడం లేదని, నలగడం లేదని చూసుకొనవలెను.

6. కప్లర్ కలిపి, చివరగా బ్యాటరీ మైనస్ తీగను బిగించాలి.

2000 దశకపు హీరో హోండా స్ప్లెండర్ వంటి బళ్ళలో ఎరుపు తీగ బ్యాటరీ నుండి వస్తుంది. నలుపు తీగ దీపాలకు, హారన్‌కు వెళుతుంది. తాళం ఆఫ్ చేసినప్పుడు నలుపు-తెలుపు తీగ ఆకుపచ్చని ఎర్త్ తీగతో కలిసి ఇంజిన్ ఆగుతుంది. ఇతర కంపెనీల బళ్ళలో రంగులు వేరుగా ఉంటాయి.

పరీక్ష

ఆన్ చేయగానే న్యూట్రల్ దీపం వెలగాలి. ఆఫ్ చేయగానే ఇంజిన్ ఆగాలి. ఆన్‌లో ఉండగా తాళంచెవి బయటకు రాకూడదు. ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్ రెండు వైపులా త్రిప్పినా శబ్దంలో మార్పు ఉండరాదు. హ్యాండిల్ లాక్ పడుతున్నదీ, పూర్తిగా విడుస్తున్నదీ పలుమార్లు చూసుకొనవలెను. నడుస్తున్న బండిపై హ్యాండిల్ బిగుసుకుంటే ప్రాణాపాయమే.

ట్రాక్టర్లు, కార్లు

పాత ట్రాక్టర్లలో స్విచ్ డాష్‌బోర్డుకు ఒక నట్టుతో బిగించి ఉంటుంది కనుక పని సులభం. అయితే పాత డీజిల్ ఇంజిన్ తాళంచెవితో ఆగదు. స్టాప్ నాబ్ లాగితేనే ఆగుతుంది. మారుతి 800 వంటి పాత కార్లలో తాళం స్టీరింగ్ గొట్టానికే బిగించి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో ఈ పనిని ఇంటి వద్ద చేయరాదు.

‘డైరెక్ట్’ చేయించుట ప్రమాదకరం

తాళం చెడిపోయినప్పుడు తీగలను కోసి చిన్న స్విచ్ పెట్టించుకొనుట పల్లెలలో పరిపాటి. ఆ స్విచ్‌ను ఎవరైనా నొక్కగలరు. అతుకు వదులైతే వేడెక్కి తీగ కాలవచ్చును. దొంగతనం జరిగితే వాహన భద్రతకు తగిన జాగ్రత్త తీసుకొనలేదని బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. పాత బళ్ళకు చాలామంది థర్డ్ పార్టీ బీమా మాత్రమే కట్టుదురు; అందులో దొంగతనానికి పరిహారం లేదు. అట్టివారికి ఆ తాళమే బీమా.

కాగితములు

తాళం మార్చినందువలన ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మారవు కనుక ఆర్.సి.లో మార్పు అవసరం లేదు. సమగ్ర బీమా ఉన్నవారు పాత తాళంచెవులను, కొత్త లాక్ సెట్ బిల్లును భద్రపరచాలి. దొంగతనపు క్లెయిములో తాళంచెవులన్నింటినీ అప్పగించమని బీమా సంస్థలు కోరుతుంటాయి. కొత్త తాళంచెవులలో ఒకదానిని ఇంటిలో వేరుగా దాచాలి.

ఎం.హెచ్. 34 నంబరు బండి ఆసిఫాబాద్ వైపు పోయినా, టి.ఎస్. 20 బండి రాజురాలో పోయినా, ఏ ఠాణాకు వెళ్ళాలో అన్న సందేహంతో ఆలస్యం చేయరాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు పొందవలసి ఉంటుంది. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా తప్పనిసరి. ఆర్.సి., బీమా పత్రం, తాళం బిల్లు ఒకే సంచిలో ఉంచుకొన్న కుటుంబానికి ఆపత్సమయంలో వెదుకులాట తప్పుతుంది.