తీగమోదుగ: ఒక లతానామ వివేచనము

గోదావరికి ఉత్తరమున ఆదిలాబాదు, దక్షిణమున కరీంనగరు. 2016 నాటి పునర్విభజనమునకు పూర్వము ఈ రెండు జిల్లాలకు చాలవఱకు ఆ నదియే ఎల్ల. ఇచ్చటి టేకు అడవులలో ఫాల్గుణమాసమున తిరుగువారికి ఆకు రాలిన మోదుగచెట్లు ఎఱ్ఱని పూలతో కనబడును. మఱికొంత లోపలికి పోయినచో అట్టి పూలే వేఱొక చెట్టు కొమ్మలనుండి వ్రేలాడుచుండుటయు కలదు. అవి ఆ చెట్టు పూలు కావు. మోదుగచెట్టు పూలును కావు. చెట్టు నల్లుకొని పైకి ప్రాకిన తీగమోదుగ పూలు. ఈ భేదమును తెలుగు పలుకుబడి ఎట్లు గుర్తించినది, శాస్త్రము ఎట్లు గ్రహించినది, మన నిఘంటువులు ఎట్లు జారవిడిచినవి అనునదే ఇచ్చట విచార్యము.

ముందుగా లక్షణభేదము. ఇచట పోల్చవలసినవి మూడు. మోదుగ వృక్షము, శాస్త్రనామము బ్యూటియా మోనోస్పెర్మా. తీగమోదుగ బలిసిన కాండము గల మహాలత, బ్యూటియా సూపర్బా. మూడవది స్పాథోలోబస్ పార్విఫ్లోరస్, ఇదియు మహాలతయే. మూడింటికిని ఆకు మూడేసి దళములుగా ఉండును. మూడింటి కాయయు బల్లపరుపుగా ఉండి, కొనయందు ఒక్కటే గింజను ధరించును. కావున పూవు లేని కాలమున ఆకును, కాయను మాత్రము చూచినవారు రెండు తీగలను ఒకటే యనుకొనుట సహజము. పూచినప్పుడు సందేహమునకు తావు లేదు. తీగమోదుగ పూవు చెట్టుమోదుగ పూవును పోలియుండి, దానికంటె పెద్దదై, పొడవైన కాడపై నిలుచును. దాని ఆకుదళములును మిక్కిలి పెద్దవి. మూడవ తీగ పూలు మిక్కిలి చిన్నవి, తెలుపు లేక లేతగులాబి వన్నె గలవి, గుత్తులు గుత్తులుగా పూయునవి. పార్విఫ్లోరస్ అనగా చిన్నపూల దనియే అర్థము.

శాస్త్రచరిత్ర తెలుగునేలతోనే ముడిపడియున్నది. లిన్నేయసు శిష్యుడైన కోనిగ్ 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. బ్యూటియా అను పేరు అతడు కల్పించినదే. సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు ఆ పేరును స్వీకరించి, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున 1795లో చెట్టును, తీగను ఒకదాని వెంట నొకటిగా, చిత్రపటములతో ప్రకటించెను. వానితోపాటు మోదుగ, తీగమోదుగ అను తెలుగు పేర్లను నమోదు చేసెను. తెలుగు పేరున మోదుగ అనునది జాతిని, తీగ అనునది భేదమును తెలుపుచున్నది. రాక్స్‌బర్గు వర్గీకరణము తెలుగు పేరునుండియే పుట్టినదని చెప్పరాదు. కాని పండితుని పరిశీలనయు, అడవి నెఱిగినవారి పరిశీలనయు ఒకే నిర్ణయమునకు వచ్చినవి.

మూడవ తీగ విషయమున పండితుడే తడబడెను. రాక్స్‌బర్గు దానిని గూడ బ్యూటియాలోనే చేర్చెను. ఆ వర్ణన అతని మరణానంతరము 1832లో అచ్చయిన ఫ్లోరా ఇండికాలో కలదు. తరువాతివారు దానిని స్పాథోలోబస్ అను వేఱు ప్రజాతికి మార్చిరి.

ఇక మన నిఘంటువులు. అమరము పలాశ, కింశుక, పర్ణ, వాతపోథములను పర్యాయములుగా చెప్పి విరమించినది. తెలుగు నిఘంటువులలో తీగల పేర్లకు తఱచుగా లభించు అర్థము ‘లతావిశేషము’ అని మాత్రమే. ఈ అర్థముతో వైద్యగ్రంథమును పరిష్కరించువాని సందేహము తీరదు. పురుగులను పోగొట్టుటకు మోదుగ గింజ నుపయోగింపుమన్నచోట చెట్టుగింజ ఏది, తీగగింజ ఏది యనుట అక్షరపాండిత్యముచే తేలునది కాదు. టేకు నల్లుకొని దాని పెరుగుదలను చెఱచు మహాలతలను అటవీశాఖవారు కొట్టించుట వాడుక. ఆ పని చేయు కూలివారికి ఏది ఏ తీగయో తెలిసియుండగా, నిఘంటుకారునకు తెలియకుండుట విచారకరము.

ఉత్తర తెలంగాణమునకు మఱియొక లోపము కలదు. వాల్టర్ ఎలియట్ 1859లో ప్రకటించిన ఫ్లోరా ఆంధ్రికా తెలుగు పేర్లకు గొప్ప ఆకరము. కాని అది ముఖ్యముగా ఉత్తర సర్కారులకు సంబంధించినది. 1915లో ఆరంభమై 1936లో ముగిసిన గాంబుల్ గ్రంథము మదరాసు రాజధానికి పరిమితము. నిజాము రాజ్యపు అటవీవృక్షములపై పార్ట్రిడ్జి గ్రంథము 1911లో వెలువడినది. అయినను, ఒకే తీగను ఏ ఊర ఏమందురో తెలుపు భాషాపరిశీలన వృక్షశాస్త్రగ్రంథముల పని కాదు. అది మన పని. ఈ సీమలో మోదుగను మోతుకు అందురు. విస్తళ్ళు కుట్టు ఆకును మోతుకాకు అందురు. గోండులు, కొలాములు నివసించు ఆదిలాబాదు అడవులలో తెలుగు పేర్లకు పక్కనే గోండీ, కొలామీ పేర్లును వినవలసియున్నవి.

కనుక లతానామములను సేకరించు పరిశోధక విద్యార్థులు పేరును మాత్రమే వ్రాసికొని రాదగదు. పేరు చెప్పినవారి ఎదుటనే పూవును, కాయను, ఆకును కలిపి సేకరించి, ఊరును, తేదీని గుర్తించి, వృక్షశాస్త్రశాఖవారికి చూపవలెను. పూవు లేనిచో మరల పూచు కాలమున పోయి చూడవలెను. అట్లు చేసిననాడే ‘లతావిశేషము’ అనుచోట ఒక నిజమైన అర్థము చేరును.