రొట్టెకు చేమిరి



పాలు పెరుగగుటకు చేమిరి కావలెనని మన యిండ్లలో పసిబిడ్డలు సైత మెఱుగుదురు. గోధుమపిండి పొంగి మెత్తని రొట్టె యగుటకును అట్టి చేమిరియే కావలెను. నిన్నటి ముద్దలో పిడికెడు మిగిల్చి నేటి పిండిలో కలుపుటయే రొట్టెకు తోడు పెట్టుట. ఈ చిన్న పని యెవరి చేతులలో నిలిచినది, దాని కారణము నెవరు కనుగొనిరి యను విషయమును నేడు మీకు మనవి చేయుదును.

రొట్టె సేద్యముకంటెను ప్రాచీనమైనది. జోర్డాను దేశపు ఈశాన్యమున నల్లరాతి యెడారిలో షుబైకా యను చోటు కలదు. అచ్చట 14,400 ఏండ్లనాటి పొయ్యిలో మాడిన రొట్టెతునుకలు దొరకినట్లు 2018లో పరిశోధకులు ప్రకటించిరి. అప్పటికి మానవుడు పైరు వేయ నేర్వలేదు. అడవిలో దానంతట మొలచిన ధాన్యమును, తుంగజాతి దుంపలను నూఱి కాల్చుకొనెను. అది మన జొన్నరొట్టెవలె పలుచనిది గాని పొంగినది కాదు.

పిండిని పులియబెట్టి పొంగించుటలో ప్రాచీన ఈజిప్టువారు ప్రసిద్ధులు. వారి యిండ్లలో రొట్టెయు ధాన్యమద్యమును తోబుట్టువులవంటివి. పనివానికి కూలి సైతము ఈ రెంటితోనే కొలిచి యిచ్చెడివారు.

పులియబెట్టు విధములను వివరించినవాడు రోమక పండితుడైన ప్లినీ. ఇతడు క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు మరణించెను. ద్రాక్షపండ్ల కాలమున చిరుధాన్యపు పిండిని క్రొత్త ద్రాక్షరసముతో పిసికి సంవత్సరము నిలువయుంచవచ్చునని యతడు వ్రాసెను. గోధుమతవుడును మూడు దినముల ద్రాక్షరసములో కలిపి యెండలో నార్చి దాచుట మఱియొక విధము. అయినను నిన్నటి ముద్దలో కొంత మిగుల్చుటయే సామాన్యమైన వాడుక యని యతడే చెప్పెను. గాలు, స్పెయిను దేశములవారు ధాన్యమద్యముపై తేలు నురుగును కలుపుటచే వారి రొట్టె తేలికగా నుండెనట. పర్సియసు రాజుతో యుద్ధము జరిగిన కాలము వఱకు, అనగా క్రీ.పూ. 171 ప్రాంతము వఱకు, రోములో రొట్టెలు కాల్చి యమ్ముట వృత్తిగా గలవారే లేరనియు, ఆ పని స్త్రీలదే యనియు నతని మాట. కావున ఈ విద్యకు తొలి యాచార్యులు గృహిణులే.

పిండిని బట్టి ఫలము మాఱును. ఉద్యోగము విరమించిన పిదప నేనును దీనిని పరీక్షించితిని. గోధుమపిండి, జొన్నపిండి, రాగిపిండి వేఱువేఱు గిన్నెలలో నీటితో కలిపి, మూతవేసి, దినమున కొకసారి కొంత తీసివేసి క్రొత్తపిండి చేర్చుచు వచ్చితిని. నాలుగైదు దినములలో మూడింటను బుడగలు లేచినవి, పులుపువాసన పుట్టినది. ముద్దచేసి కాల్చినపుడు మాత్రము గోధుమ పొంగి నిలిచెను. జొన్నయు రాగియు బీటలు వాఱి యణగిపోయెను. గోధుమలో నీటితో కడిగిన కరగక మిగులు బంక యొకటి కలదు. ఇటలీలోని బొలోన్యా నగరపు పండితుడు బెక్కారి దీనిని వేఱుచేసి చూపిన విధము 1745లో ప్రకటితమయ్యెను. ఆ బంక కమ్మరి తిత్తివలె సాగి గాలిని పట్టియుంచును. జొన్నకును రాగికిని ఆ గుణము లేదు. మన యిడ్డెనలో బియ్యమున కాలోటు తీర్చునవి మినుములు.

ఆ గాలి యెక్కడినుండి వచ్చును? హాలండు దేశీయుడైన లీవెన్‌హుక్కు 1680లో సూక్ష్మదర్శినితో మద్యపు మడ్డిలోని ఈస్టుకణములను చూచెను గాని యవి ప్రాణులని యెఱుగడు. 1857 మొదలు ఫ్రాన్సుదేశపు పాస్తరు, పులియుట సూక్ష్మజీవుల పని యని నిరూపింపసాగెను. ఈస్టు చక్కెరను గ్రహించి బొగ్గుపులుసుగాలిని విడుచును. ఆ గాలియే పిండిని పొంగించును. జర్మను పండితుడు లీబిగు మాత్రము ఇది జీవుల పని కాదు, కేవలము రసాయనక్రియ యని వాదించెను. 1897లో బూక్నరు ఈస్టును నూఱి, ప్రాణము లేని దాని రసము సైతము చక్కెరను పులియజేయునని చూపి, 1907లో నోబెలు బహుమాన మందెను. ఇరువాదములందును సత్యాంశము కలదని తేలినది. పాలలో పెరుగు ముందే యున్నదని సాంఖ్యులును, క్రొత్తగా పుట్టునని నైయాయికులును వాదించుకొను కాలమునను గృహిణి వారి తీర్పునకై కాచియుండక చేమిరి వేసినది.

అనుభవము గలవాడు దొరకినదానితోనే పని నెఱవేర్చును. 1510లో గోవాను పట్టుకొనిన పోర్చుగీసువారికి రొట్టె లేనిదే గడువదు. అచ్చట తమ దేశపు చేమిరి లేకపోగా కొబ్బరికల్లుతో పిండిని పులియబెట్టుట వాడుకలోనికి వచ్చెను.

1961లో ఇంగ్లండునందలి చార్లీవుడ్‌లో నొక యంత్రపద్ధతి వెలసెను. పిండిని మిక్కిలి వేగముగా చిలుకుటచే గంటలకొలది పులియవలసిన పని కొంతసేపటికే ముగియును. రొట్టె చవకయయ్యెను, మెత్తనయయ్యెను. కాని నిదానముగా పులిసినపుడు తవుడునందలి యినుము మున్నగు ధాతువులను పట్టియుంచు నామ్లము విచ్చిపోయి, అవి దేహమునకు చక్కగా నందును. తొందరలో ఆ లాభము తగ్గును. అంతకంటె పెద్ద నష్ట మొకటి కలదు. 2020లో మహమ్మారి ప్రబలినపుడు ఇంగ్లండు, అమెరికా దేశములలో అంగళ్ల యందు ఈస్టు దొరకుట కష్టమయ్యెను. అప్పుడెందఱో పిండియు నీరును కలిపి చేమిరి పుట్టించుట మొదటినుండి నేర్చుకొనిరి. అవ్వ చెప్పవలసిన మాటను వారు పుస్తకములలో వెదకవలసివచ్చెను.

మన తరవాణికుండయు ఈ వంశములోనిదే. అడుగున కొంత మిగిల్చి పైన క్రొత్తగంజి పోయుటయే దాని ప్రాణము. ఇప్పుడది యెన్ని యిండ్లలో నున్నది? ఒక యింట చేమిరి లేకున్న పొరుగింట తెచ్చుకొందుము. ఊరంతయు మఱచినచో తెచ్చుకొనుటకు పొరుగిల్లు లేదు. పులియుటకు పాస్తరు చెప్పిన కారణమును పిల్లలు బడిలో నేర్తురు. ఎండకాలమున నెంతసేపు, చలికాలమున నెంతసేపు పులియవలెనో, వాసన నెట్లు పోల్చవలెనో యింటిలోని పెద్దలే చెప్పవలెను. ఆ రెండును కలిసిననే విద్య పూర్ణమగును. కావున పెద్దలారా, మీ కోడండ్రకు, మనుమలకు, మనుమరాండ్రకు ఈ పని చేతితో చేయించి చూపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.