వజ్రపరీక్ష: కృష్ణాతీరపు గనుల నుంచి ఉంగరాల అంగడి దాకా

గోల్కొండ వజ్రమనే పేరు ప్రపంచమంతటా పాకినా, గోల్కొండ కోట ఉన్న కొండలో గాని, దాని చుట్టుపక్కల గాని వజ్రపు గని ఎన్నడూ లేదు. కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల, కర్నూలు దిక్కున రామళ్ళకోట పరిసరాల్లో తవ్విన రాళ్ళు అమ్మకానికి చేరే రాజధాని నగరం గోల్కొండ కావడం వల్లనే ఆ పేరు వచ్చింది. అంటే గోల్కొండ కీర్తి గనిది కాదు, అంగడిది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు, బోర్నియో ద్వీపంలో దొరికిన కొద్దిపాటి రాళ్ళను మినహాయిస్తే, లోకానికి వజ్రాలు భారతదేశం నుంచే వెళ్ళేవి కాబట్టి, వాటిని ఎలా చూడాలో, ఎలా తూచాలో, ఎంతకు కొనాలో నిర్ణయించే విద్య కూడా ఇక్కడే పుట్టి పెరిగింది. ఈనాడు నగల దుకాణంలో ఉంగరం కొనేవారికి చెప్పే జాగ్రత్తలలో చాలావరకు ఆ విద్యలోనివే.

ఈ విద్యకు మొదటి రూపం సంస్కృతంలోని రత్నశాస్త్ర గ్రంథాలలో కనిపిస్తుంది. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. బుద్ధభట్టుని రత్నపరీక్ష, అగస్తిమతం ఆ విషయాన్ని మరింత విస్తరించాయి. ఆరు కోణాలు, ఎనిమిది తలాలు, పన్నెండు అంచులు కలిగి, స్వచ్ఛంగా మెరిసే సహజ స్ఫటికం ఉత్తమమైనదని ఈ శాస్త్రకారులు భావించారు. రాతిలోని దోషాలకు వారు పెట్టిన పేర్లలో కాకపాదం, అంటే కాకి అడుగు ఆకారంలోని పగులు, మక్షిక, అంటే ఈగలాంటి మచ్చ, ఇంకా బిందువు, రేఖ వంటివి ఉన్నాయి. స్ఫటికం, గాజు, పుష్యరాగం వంటివాటితో కృత్రిమ వజ్రాలు చేసేవారుంటారని, క్షారంతోను, గీతతోను, సానతోను పరీక్షించి వాటిని పట్టుకోవాలని కూడా ఈ సంప్రదాయం హెచ్చరించింది. నకిలీ రాళ్ళ బెడద వజ్రాల వ్యాపారమంత పాతదని దీన్ని బట్టి తెలుస్తుంది. అయితే ఇదే శాస్త్రం ఉత్తమ వజ్రం నీటిపై తేలుతుందని కూడా చెప్పింది. వజ్రం నీటికన్నా మూడున్నర రెట్లు సాంద్రమైనది కనుక అది అసాధ్యం. నిశితమైన పరిశీలన, ఆధారం లేని నమ్మకం ఒకే శ్లోకంలో పక్కపక్కన ఉండగలవన్న సంగతిని ప్రాచీన గ్రంథాలను చదివేవారు గుర్తుంచుకోవాలి.

తూకం విషయంలో శాస్త్రకారుల అవగాహన ఆశ్చర్యం కలిగించేంత కచ్చితమైనది. ఎనిమిది తెల్ల ఆవాల ఎత్తును ఒక తండులంగా, అంటే ఒక బియ్యపు గింజ ఎత్తుగా లెక్కించి, ఇరవై తండులాల వజ్రానికి రెండు లక్షల వెల కట్టిన వరాహమిహిరుడు, బరువు తగ్గే కొద్దీ వెల అంతకన్నా వేగంగా పడిపోతుందని చూపాడు. వెయ్యేళ్ళ తరువాత అదే సూత్రాన్ని ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తీస్త్ టావెర్నియర్ లెక్కగా రాసి పెట్టాడు. 17వ శతాబ్దిలో ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణించి, రామళ్ళకోటగా పండితులు గుర్తించిన రావల్కొండ గనిని, కొల్లూరు గనిని స్వయంగా చూసిన ఈయన, 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వజ్రానికి వెల కట్టే పద్ధతిని వివరించాడు. రాతి బరువును అదే బరువుతో హెచ్చించి, వచ్చినదాన్ని ఆ నాణ్యత గల ఒక కేరట్ రాతి ధరతో మళ్ళీ హెచ్చించాలి. ఏ దోషమూ లేని రాయి కేరట్‌కు ఆనాటి ఫ్రెంచి ద్రవ్యంలో 150 లీవ్రులైతే, పదిహేను కేరట్ల రాయి 33,750 లీవ్రులవుతుంది. దోషమున్న రాయికి 80 లీవ్రుల లెక్కన అదే బరువు 18,000 లీవ్రులే పలుకుతుంది. పెద్ద రాళ్ళు అరుదు కాబట్టి రెట్టింపు బరువుకు రెట్టింపు కన్నా ఎక్కువ వెల పడుతుందన్నది ఇందులోని సారం. ఈనాటి అంగడిలో అర కేరట్, ఒక కేరట్ వంటి గుండ్రని అంకెల దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకడానికి ఆ అరుదుదనంతో పాటు కొనేవారికి ఆ అంకెలపై ఉన్న మోజు కూడా కారణం. ఆ అంకెకు కాస్త దిగువన, ఉదాహరణకు 0.95 కేరట్ దగ్గర ఆగితే, కంటికి కనబడని తేడాకు పెద్ద మొత్తం మిగులుతుంది.

బరువును త్రాసు చెబుతుంది గాని నాణ్యతను చెప్పవలసింది కన్ను, ఆ కంటికి సహాయం చేయవలసింది వెలుగు. యూరప్ వర్తకులు పగటి వెలుగులో రాతిని పరిశీలిస్తే, ఇక్కడి వర్తకులు రాత్రివేళ గోడలో చదరపు అడుగు వైశాల్యమున్న గూడులో దీపం ఉంచి, రాతిని వేళ్ళ మధ్య పట్టుకుని దాని నీరును, అంటే స్వచ్ఛతతో కలిసిన వర్ణచ్ఛాయను, లోపలి మచ్చలను చూసేవారని టావెర్నియర్ రాశాడు. రాతిలో నీలిచ్ఛాయ ఉందేమోనన్న అనుమానం వస్తే, దట్టమైన ఆకులున్న చెట్టు నీడకు తీసుకుపోయి ఆ పచ్చని వెలుగులో తేల్చుకునేవారు. ఈ రెండు పద్ధతుల వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: అమ్మేవాడు చూపిన వెలుగులో కాక, కొనేవాడు ఎంచుకున్న వెలుగులో రాతిని చూడాలి. ఎటు చూసినా చిన్న చిన్న దీపాలు మిలమిలలాడే నేటి దుకాణాలలో ఏ రాయైనా వెలిగిపోతుంది కనుక, ఆ పాత జాగ్రత్త అవసరం ఇప్పుడు మరింత పెరిగింది.

అప్పటి బేరం నడిచిన తీరు వజ్రచరిత్రలోనే అత్యంత ఆసక్తికరమైన భాగం. గని యజమానులు ఉదయం పది, పదకొండు గంటల వేళ భోజనం ముగించుకుని రాళ్ళు తెచ్చి వర్తకునికి చూపేవారు. రాళ్ళ మూట పెద్దదైతే వారం రోజుల దాకా అతని దగ్గరే వదిలివెళ్ళేవారు. మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం వెంటనే తేల్చాలి. తటపటాయిస్తే అమ్మకందారు రాళ్ళను కొంగున ముడివేసుకుని పోయేవాడు, ఆ మూట యథాతథంగా మళ్ళీ కళ్ళబడేది కాదు. పరీక్షకు కావలసినంత వ్యవధి ఇచ్చి, నిర్ణయానికి వ్యవధి ఇవ్వని ఈ ఆచారం ఇద్దరికీ న్యాయమైనదే. ధర మాట్లాడుకునేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు వస్త్రం చాటున చేతులు కలిపి, ఒక్క మాట కూడా పలకకుండా బేరం చేసుకునేవారు. అరచేయంతా పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలి నడిమి కణుపు వరకైతే యాభై, కొన కణుపైతే పది; ఎన్నిసార్లు నొక్కితే అన్ని రెట్లు. చుట్టూ ఎంతమంది ఉన్నా అసలు ధర ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఈ విద్య చిన్ననాటి నుంచే అలవడేది. పది నుంచి పదహారేళ్ళ లోపు వర్తకుల పిల్లలు ఉదయమే ఊరి మధ్య చెట్టు కింద, ఒక పక్కన తూనికరాళ్ళ సంచి, మరో పక్కన వరహాల సంచితో కూర్చునేవారని టావెర్నియర్ చెబుతాడు. ఎవరైనా వజ్రం తెస్తే దాన్ని వారిలో పెద్దవాడి చేతికిస్తారు. అతడు చూసి పక్కవాడికి అందిస్తాడు. మాటా పలుకూ లేకుండా అందరి చేతులూ తిరిగి అది మళ్ళీ పెద్దవాడి దగ్గరికి చేరాక అతడు ధర అడుగుతాడు. ఎక్కువ ఇచ్చి కొంటే ఆ నష్టం అతనిదే. సాయంత్రం ఆ రోజు కొన్నవాటిని నీరు, బరువు, స్వచ్ఛతల ప్రకారం వేరుచేసి పెద్ద వర్తకులకు అమ్మి లాభం పంచుకుంటారు. ఇంతకు మించిన పాఠశాల ఆ వృత్తికి మరొకటి ఉండదు.

గనుల మీద రాజ్యం పట్టు కూడా గట్టిదే. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా ఉన్న విలియం మెథ్వోల్డ్ 1620ల నాటి సంగతులు చెబుతూ, కొల్లూరు గనిని ఏడాదికి మూడు లక్షల వరహాలకు గుత్తకిచ్చారని, పది కేరట్లకు మించిన రాళ్ళన్నీ సుల్తానుకే చెందేవని రాశాడు. ఆ నిబంధనను దాటి పెద్ద రాళ్ళు చాటుగా బయటికి వెళ్తూనే ఉండేవి.

సానపట్టే పని గురించి టావెర్నియర్ చెప్పిన సంగతి కొనుగోలుదారుకు నేటికీ పాఠమే. రాయి స్వచ్ఛంగా ఉంటే ఇక్కడి పనివారు బరువు పోతుందన్న భయంతో పైపైన సానపట్టి వదిలేసేవారు. లోపల పగులో, నల్లని ఎర్రని ఇసుక రేణువులో ఉంటే మాత్రం అవి కనిపించకుండా రాతినిండా పలకలు చెక్కేవారు. కాబట్టి అలాంటి పాత కోత రాళ్ళలో పలకలు మరీ ఎక్కువగా ఉన్నదాన్ని అనుమానంతో చూడడం తెలివైన పని. మన పాత నగలలో వజ్రాల అడుగు మూసి, కింద తళుకు రేకు పరిచే పద్ధతికి కూడా మెరుపును పెంచడంతో పాటు లోపాన్ని దాచే శక్తి ఉంది. కోత చెడితే ఎంతటి రాయైనా పాడవుతుందనడానికి టావెర్నియర్ 1665లో ఔరంగజేబు కొలువులో చూసిన మహా మొగల్ వజ్రం సాక్ష్యం. 787 కేరట్లకు పైబడిన ఆ ముడి రాయిని హోర్తెన్సియో బోర్జియో అనే వెనిస్ పనివాడు అరగదీసి 280 కేరట్లకు దించగా, కూలి ఇవ్వడానికి బదులు పాదుషా అతనికి పదివేల రూపాయల జరిమానా విధించాడు.

బేరంలో ఓపికకు ఉదాహరణ మద్రాసులో దొరుకుతుంది. 410 కేరట్ల ముడి వజ్రాన్ని జామ్‌చంద్ అనే వర్తకుడు అక్కడి గవర్నరు థామస్ పిట్‌కు చూపి రెండు లక్షల వరహాలు అడిగాడు. పలుమార్లు కూర్చుని, లేచిపోయి, మళ్ళీ కలిసి, చివరికి 1702లో వారు 48,000 వరహాల దగ్గర ఒప్పుకున్నారు. ఇంగ్లండులో సాన పట్టాక దాదాపు 141 కేరట్లు మిగిలిన ఆ రాయిని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి 1,35,000 పౌన్లకు కొన్నాడు. రీజెంట్ వజ్రంగా అది నేడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మొదట అడిగిన ధరకూ చివరికి తెగిన ధరకూ మధ్య ఉన్న నాలుగు రెట్ల తేడా, వజ్రానికి బంగారంలా ప్రకటిత ధర ఉండదన్న నిజాన్ని చెబుతుంది.

బ్రెజిల్ రాళ్ళు వచ్చాక కృష్ణాతీరపు గనులు క్షీణించాయి. 1867 తరువాత దక్షిణాఫ్రికాలో పెద్ద ఎత్తున వజ్రాలు దొరకడంతో ఆ వ్యాపారం రాజుల చేతిలోంచి మధ్యతరగతి వేలికి వచ్చింది. 1888లో ఏర్పడిన డీ బీర్స్ సంస్థ సరఫరాను గుప్పిట పెట్టుకుని, 1947 నుంచి వజ్రం శాశ్వతమనే ప్రకటనతో అమెరికాలో నిశ్చితార్థపు ఉంగరాన్ని దాదాపు తప్పనిసరి ఆచారంగా స్థిరపరచింది. తెలుగు కుటుంబాలలో అప్పటికే రవ్వల దుద్దులు, ముక్కుపుడక గౌరవచిహ్నాలుగా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటెయిన్ గని రాళ్ళ నీలిఛాయ నుంచి వచ్చిన బ్లూ జాగర్ అన్న పేరు పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. కానీ ఆ పేరుతో అమ్మేవన్నీ ఆ గని రాళ్ళు కావు, కనుక పేరుకు అదనపు వెల ఇవ్వడం తగదు.

పరీక్షకుని కంటి స్థానంలోకి కాగితం వచ్చింది 20వ శతాబ్దిలోనే. ఊరికో రకంగా ఉన్న కేరట్‌ను 1907 నుంచి 0.2 గ్రాములుగా స్థిరపరిచారు; ఇది బరువు కొలత, బంగారపు స్వచ్ఛతను చెప్పే కేరట్‌తో దీనికి సంబంధం లేదు. 1931లో అమెరికాలో ఏర్పడిన జి.ఐ.ఏ. అనే రత్నశాస్త్ర సంస్థ, 1950లలో వర్ణానికి డి నుంచి జెడ్ వరకు అక్షరాలను, పది రెట్లు పెంచి చూసే భూతద్దం కింద కనిపించే దోషాలను బట్టి స్వచ్ఛతకు తరగతులను నిర్ణయించింది. కాకపాదాలు, బిందువులు పేర్లు మార్చుకుని ఆ తరగతులలోకి చేరాయనుకోవచ్చు. కానీ కాగితం రాతి లక్షణాలను చెబుతుందే తప్ప అడిగిన ధర న్యాయమైనదో కాదో చెప్పదు; ఆ భారం ఇప్పటికీ కొనేవారిదే.

1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో వజ్రాన్ని తయారుచేశాక, కాలక్రమంలో కంటి పరీక్ష మరింత కష్టమైంది. అది నకిలీ కాదు, రసాయనికంగా వజ్రమే. అయితే గని రాయితో పోలిస్తే దాని ధర చాలా తక్కువ, ఇటీవల ఇంకా పడిపోయింది. మాయిసనైట్ అనే మరో రాయి వేడిని దాదాపు వజ్రంలాగే ప్రసరింపజేస్తుంది కాబట్టి వేడిని కొలిచే పరికరాన్ని కూడా అది మోసగించగలదు. అందువల్ల ఉంగరం కొనదలచినవారు వీలైతే ఇంకా బిగించని రాతినే దుకాణం బయటి నీడలో చూడాలి. ధ్రువపత్రంపై గని రాయా, ప్రయోగశాల రాయా అన్న మాట ఉందో లేదో చదవాలి. రాతి నడుము అంచున లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటే అది పత్రంలోని సంఖ్యతో సరిపోయిందో భూతద్దంతో సరిచూడాలి. తూకంలో రాతి బరువు తీసివేసి బంగారానికి మాత్రమే వెల కట్టమనాలి. తిరిగి కొనే షరతులను రసీదుపై రాయించుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.