కడలియొడ్డున పాడువడిన విహారము

మన చిట్యాల మెట్టనేలకు సముద్రము బహుదూరము. అయినను నేడు సముద్రపుటొడ్డున నున్న యొక పాడువడిన మఠమును గూర్చి విన్నవించెదను.

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు దారిలో, కడలి కెదురుగా తొట్లకొండ యున్నది. బౌద్ధభిక్షువులు వాననీటిని నిలుపుకొనుటకై రాతిలో తొలిపించిన తొట్లవలన దాని కాపేరు వచ్చినది. కనుచూపుమేర నీరే యున్నను, అది ఉప్పునీరు. త్రాగుటకు వానయే దిక్కు. ఆ కష్టము మెట్టవారమైన మనకు తెలియనిది కాదు.

1976లో నౌకాదళమువారి విమానసర్వేలో ఈ శిథిలములు కంటబడినవి. తరువాత పురావస్తుశాఖవారు త్రవ్వింపగా స్తూపములు, చైత్యగృహములు, భిక్షువుల గదులు, భోజనశాల వెలువడినవి. శాతవాహనుల నాణెములతోపాటు రోము నాణెములును దొరకినవి. ఓడవర్తకము ఆ కొండదాక ముట్టినదనుటకు అవియే సాక్ష్యము. దాదాపు రెండువేల యేండ్లనాడు వర్ధిల్లిన యా విహారము క్రమముగా నిర్జనమైనది. 2019 అక్టోబరునందలి పెనువానలకు అచటి మహాస్తూపములో కొంతభాగము కూలినది. త్రవ్వి తీసినంతనే సరిపోదు, కాపాడువారు కావలెను.

ఇట్టి విహారము మనకును గలదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి గుట్టపై బౌద్ధు లుండిరి. అచటి శిల్పములు 2023లో న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడినవి. ఆ శిల్పములును ఒకనాడు మట్టిలో గప్పబడిన రాళ్లే గదా!

కావున, ఊరిచివర పాడుగోడనుండి పశువులకొట్టమునకు రాయి తెచ్చుకొనబోవువేళ, దానిని ఒక్కమారు తిరుగవేసి చూడుడు. చెక్కడముగాని యక్షరముగాని కనబడినచో, అచ్చటనే యుంచి అధికారులకు తెలుపుడు.