సాధన నుంచి వరం దాకా: సూపర్ హీరోయిన్ల తెర అనుసరణల్లో స్త్రీ కండబలం

వ్యాససంగ్రహం:

అమెరికన్ కామిక్స్‌లో పుట్టి చలనచిత్రాలుగా, టెలివిజన్ ధారావాహికలుగా వచ్చిన వండర్ ఉమన్, షీ-హల్క్, జేన్ ఫోస్టర్ పాత్రలు ఈ వ్యాసానికి ఆధారం. ఈ పాత్రలకు తెర అపారమైన శక్తిని ఇచ్చింది. కాని ఆ శక్తికి గుర్తుగా ఉండవలసిన కండరాలను వారి దేహాలపై చూపడానికి వెనుకాడింది. ఈ వైరుధ్యాన్ని చారిత్రకక్రమంలో పరిశీలించడం వ్యాసలక్ష్యం. స్త్రీబలాన్ని సాధనఫలంగా కాక వరంగా చిత్రించడం ఇందుకు ముఖ్యకారణమని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సూపర్ హీరోయిన్, తెర అనుసరణ, కండబలం, వండర్ ఉమన్, షీ-హల్క్, దేహదారుఢ్యం.

1. ఉపోద్ఘాతం:

స్త్రీకి గల పర్యాయపదాల్లో 'అబల' ఒకటి. అమరకోశంలోనూ ఈ పదం ఉంది. బలం లేకపోవడాన్నే పేరుగా మార్చిన ఈ భావన ఒక భాషకో ఒక దేశానికో పరిమితమైనది కాదు. బలం పురుషలక్షణమనీ, సౌందర్యం స్త్రీలక్షణమనీ చేసిన విభజన అనేక సమాజాల్లో కనిపిస్తుంది. ఆ విభజనను తలకిందులు చేయడానికి అవకాశమున్న ఆధునిక కథారూపాల్లో సూపర్ హీరో కథ ముఖ్యమైనది. అక్కడ స్త్రీ కారును ఎత్తగలదు, గోడను పగలగొట్టగలదు, యుద్ధాన్ని ఆపగలదు.

కాగితంపై గీసే బొమ్మకు నిజమైన దేహంతో పనిలేదు. సన్నని చేయి యుద్ధట్యాంకును ఎత్తినట్లు గీసినా పాఠకుడు అంగీకరిస్తాడు. తెరకు మాత్రం ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరు, ఆమె దేహం ఎలా ఉండాలి అన్న నిర్ణయంలో నిర్మాతల అభిరుచితోపాటు సమాజపు అంగీకారానికి వారు ఊహించిన హద్దు కూడా బయటపడుతుంది. అందువల్ల సూపర్ హీరోయిన్ల అనుసరణచరిత్ర ఒక విధంగా నటీమణుల ఎంపిక చరిత్ర కూడా.

2. వండర్ ఉమన్ - బలానికి మూలం మారిన క్రమం:

వండర్ ఉమన్ పాత్రను మనస్తత్త్వశాస్త్రవేత్త విలియం మౌల్టన్ మార్స్టన్ సృష్టించాడు. హెచ్. జి. పీటర్ ఆమెకు తొలి రూపమిచ్చాడు. 1941లో 'ఆల్ స్టార్ కామిక్స్' 8వ సంచికలో ఆమె మొదటిసారి కనిపించింది. మార్స్టన్ కథల్లో డయానా బలం ప్రధానంగా అమెజాన్ స్త్రీల శిక్షణ నుంచి వచ్చింది. మనోనిగ్రహంతో, కఠినసాధనతో ఇతర స్త్రీలు కూడా అటువంటి బలాన్ని పొందగలరన్న సూచన ఆ కథల్లో ఉంది. పీటర్ గీసిన డయానా భారీ కండలు గల స్త్రీ కాదు. అయినా ఆమె బలం అభ్యాసంతో చేరుకోగలిగినదన్న భావన కథలో స్పష్టం.

మార్స్టన్ 1947లో మరణించాడు. 1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థామ్ కామిక్స్‌పై తీవ్రవిమర్శతో ఒక గ్రంథం ప్రచురించాడు. బలమైన వండర్ ఉమన్ బాలికలకు తగని ఆదర్శమన్నది అందులోని ఆరోపణల్లో ఒకటి. అదే సంవత్సరం కామిక్స్ పరిశ్రమ తనకు తానే నియమావళిని విధించుకొంది. ఆ దశాబ్దం చివర డయానా జన్మకథను తిరగరాశారు. కొత్త కథలో ఆమె సౌందర్యం, వివేకం, బలం, వేగం దేవతల కానుకలయ్యాయి.

ఈ మార్పు ప్రాధాన్యం గలది. కండరం శ్రమకు సాక్ష్యం. బరువు ఎత్తిన రోజులను, పడి లేచిన రోజులను దేహం దాచుకొనే రూపం అది. బలం కానుకగా లభించినప్పుడు ఆ సాక్ష్యం అక్కరలేదు. సాధన లేని బలానికి సన్నని దేహం సరిపోతుంది. 1968లో డయానా శక్తులను తొలగించి, ఆమెను యుద్ధవిద్య నేర్చుకొనే సాధారణస్త్రీగా మార్చినప్పుడు ఈ విభజన మరింత స్పష్టమైంది. శక్తి ఉన్నప్పుడు అది వరం. సాధన ఉన్నప్పుడు అసాధారణశక్తి లేదు. 1972లో గ్లోరియా స్టైనమ్ బృందం 'మిజ్' పత్రిక ముఖచిత్రంపై పాత వండర్ ఉమన్‌ను నిలిపిన తరువాత, 1973లో ఆమె శక్తులు తిరిగి వచ్చాయి.

3. 1970ల టెలివిజన్ - రెండు కొలమానాలు:

1975లో లిండా కార్టర్ నటించిన వండర్ ఉమన్ ధారావాహిక అమెరికా టెలివిజన్‌లో మొదలై 1979 వరకు సాగింది. కార్టర్ 1972లో మిస్ వరల్డ్ యు.ఎస్.ఏ. కిరీటం గెలుచుకొన్న సుందరి. ఆమె నటన ఆ పాత్రకు గౌరవాన్ని, ఆత్మీయతను తెచ్చింది. అయితే పాత్ర చేసే ప్రమాదకరమైన సాహసాల్లో అనేకం ఆమెకు డూప్‌గా పనిచేసిన జీనీ ఎపర్ చేసింది. కష్టపడే దేహం ఒకరిది, తెరపై కనిపించే ముఖం మరొకరిది. డూప్ వాడకం పురుషనటులకూ ఉన్నదే. కాని ఇక్కడ అది బలాన్ని, సౌందర్యాన్ని ఇద్దరు స్త్రీల మధ్య పంచింది.

ఇదే కాలంలో 1977లో 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' ధారావాహిక ఆరంభమైంది. హల్క్ పాత్రకు మొదట రిచర్డ్ కీల్ అనే అత్యంత పొడవైన నటుణ్ణి ఎంచుకొని చిత్రీకరణ ప్రారంభించారు. అతని ఎత్తు సరిపోయినా కండలు సరిపోలేదు. అందుకని అతని స్థానంలో మిస్టర్ యూనివర్స్ విజేత లూ ఫెరిగ్నోను తీసుకొన్నారు. 1978 నాటికి ఈ రెండు ధారావాహికలూ సి.బి.ఎస్. చానల్‌లోనే ప్రసారమవుతున్నాయి. రెండింటిలోనూ ముఖ్యపాత్రకు మానవాతీతబలం ఉంది. పురుషునికి దేహదారుఢ్య విజేత కావలసి వచ్చాడు; స్త్రీకి అందాలపోటీ విజేత చాలింది.

కండలు పెంచిన స్త్రీలు ఆనాడు లేరని దీన్ని సమర్థించడం కష్టం. 1979లో లిసా లియోన్ మహిళల దేహదారుఢ్య పోటీలో విజేతగా నిలిచింది. 1980లో మొదలైన మిస్ ఒలింపియా పోటీలో రేచల్ మెక్‌లిష్ తొలి విజేత. స్త్రీ కండలకు వేదిక ఏర్పడుతున్న కాలమే అది. ఆ వేదికపై కూడా హద్దు పోలేదు. 2004 చివర అంతర్జాతీయ దేహదారుఢ్య సమాఖ్య వృత్తివిభాగం మహిళాక్రీడాకారులు తమ కండలను 20 శాతం తగ్గించుకోవాలని కోరింది. కండలకోసమే ఏర్పడిన పోటీలో కండలు ఎక్కువయ్యాయన్న అభ్యంతరం స్త్రీలకే ఎదురైంది.

4. 2017 - ముందువరుస, వెనుకవరుస:

పాటీ జెంకిన్స్ దర్శకత్వంలో 2017లో వచ్చిన 'వండర్ ఉమన్' ప్రపంచవ్యాప్తంగా 82 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్త్రీ ప్రధానమైన సూపర్ హీరో చిత్రాలు ఆడవన్న పాత నమ్మకాన్ని అది గట్టిగా దెబ్బతీసింది. డయానాగా నటించిన గాల్ గాడోట్ 2004 మిస్ ఇజ్రాయెల్. 2013లో ఆమె ఎంపికను ప్రకటించినప్పుడు, ఆమె దేహం ఆ పాత్రకు మరీ సన్నమన్న విమర్శ వచ్చింది. నాలుగు దశాబ్దాల వ్యవధిలో డయానాకు బాగా పేరు తెచ్చిన ఇద్దరు నటీమణులూ అందాలపోటీల నుంచి వచ్చినవారే కావడం గమనార్హం.

ఈ చిత్రంలో కండలు గల స్త్రీలు లేకపోలేదు. అమెజాన్ యోధులుగా క్రాస్‌ఫిట్ క్రీడాకారిణి బ్రూక్ ఎన్స్, బాక్సర్ ఆన్ వుల్ఫ్ వంటివారు నటించారు. వారి భుజాలు, తొడలు, గాయపు మచ్చలు తెరపై దాపరికం లేకుండా కనిపిస్తాయి. సాగరతీరంలో జరిగే యుద్ధఘట్టం నేటికీ ప్రశంస పొందుతున్నదంటే అందులో ఈ దేహాల పాత్ర ఉంది. అయితే వారి స్థానం నాయిక వెనుక. కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. డయానా బాల్యం నుంచి చేసిన శిక్షణను చిత్రం శ్రద్ధగా చూపుతుంది. చివరకు ఆమె బలరహస్యం జ్యూస్ దేవుని కుమార్తెగా పుట్టడంలో ఉందని తేలుతుంది. సాధన చేసినవారు వెనుకవరుసలో నిలిచారు. పుట్టుకతో బలం పొందినది ముందుకు వచ్చింది.

5. షీ-హల్క్ - ఎంపికకు అడ్డు లేని చోట:

హల్క్ ధారావాహిక విజయం చూసి టెలివిజన్‌వారే ఒక స్త్రీ హల్క్‌ను సృష్టిస్తారేమోనని మార్వెల్ సంస్థ భావించింది. హక్కులు తన వద్దే ఉండాలని 1980లో స్టాన్ లీ, జాన్ బుసెమా చేత షీ-హల్క్ పాత్రను వెలువరించింది. న్యాయవాది జెన్నిఫర్ వాల్టర్స్ తన బంధువు బ్రూస్ బానర్ రక్తం ద్వారా ఈ శక్తి పొందుతుంది. కామిక్స్‌లో ఆమె దేహం స్థిరంగా లేదు. 1989లో జాన్ బర్న్ ఆమెను ఆకర్షణీయమైన, హాస్యప్రియురాలైన స్త్రీగా తీర్చాడు. 2018 నాటి 'అవెంజర్స్' సంచికల్లో ఆమె హల్క్‌కు తీసిపోని కండలతో కనిపించింది. 2022లో మొదలైన కొత్త సంచికల్లో మళ్లీ సన్నబడింది.

2022లో తొమ్మిది భాగాలుగా వచ్చిన తెర అనుసరణలో తటియానా మస్లానీ ఈ పాత్ర పోషించింది. ఆమె హల్క్ రూపాన్ని గ్రాఫిక్స్‌తో నిర్మించారు. ఇక్కడ నటి దేహం అడ్డు కాదు. కోరిన ఎత్తు, కోరిన కండ గీయగల సాంకేతికత చేతిలో ఉంది. అయినా పచ్చని రంగు, అధికమైన ఎత్తు ఇచ్చిన సృష్టికర్తలు కండల విషయంలో సంయమనం పాటించారు. దేహదారుఢ్య క్రీడాకారిణులను కాక ఒలింపిక్ క్రీడాకారిణులను నమూనాగా తీసుకొన్నామని దర్శకురాలు క్యాట్ కోయిరో వివరించింది. ఈ వివరణలో న్యాయం ఉంది; బలమైన స్త్రీదేహం ఒకే రకంగా ఉండదు. కాని ఒలింపిక్స్‌లో బరువులెత్తే స్త్రీలు, గుండు విసిరే స్త్రీలు కూడా ఉన్నారు. తగిన నటి దొరకలేదన్న కారణం ఈసారి చెప్పడానికి వీల్లేదు. అందువల్ల హద్దు సాంకేతికతలో కాక దృష్టిలోనే ఉందని షీ-హల్క్ అనుసరణ తేటతెల్లం చేస్తుంది.

6. జేన్ ఫోస్టర్ - కనిపించిన కండ, చెల్లించిన మూల్యం:

2014లో రచయిత జేసన్ ఆరన్, చిత్రకారుడు రస్సెల్ డాటర్‌మాన్ జేన్ ఫోస్టర్‌ను థోర్ స్థానంలో నిలిపారు. ఆమె కాన్సర్ రోగి. సుత్తి పట్టి రూపం మారిన ప్రతిసారీ, పొందుతున్న చికిత్స ఫలితం ఆమె దేహం నుంచి తొలగిపోతుంది. 2022 నాటి 'థోర్: లవ్ అండ్ థండర్'లో ఈ పాత్ర పోషించడానికి నటాలీ పోర్ట్‌మన్ నెలల తరబడి వ్యాయామం చేసి భుజాలను, చేతులను దృఢపరచుకొంది. వాటిని కెమెరా దాచలేదు. కథలో జేన్ బలం సుత్తి ఇచ్చిన వరమే అయినా, తెరపై కనిపించిన కండ నటి శ్రమఫలం. ఈ వ్యాసం పరిశీలించిన నాయికల్లో శ్రమకు సాక్ష్యం దేహంపై ఇంత స్పష్టంగా నిలిచిన నాయిక ఈమె.

అయితే ఆ కండకు కథ కఠినమైన మూల్యం విధించింది. సుత్తి ఆమె ప్రాణశక్తిని హరిస్తుంది. చివరకు ఆమె మరణిస్తుంది. కామిక్స్‌లో జేన్ ఒకసారి మరణించినా బతికి వచ్చి చికిత్స కొనసాగిస్తుంది. చలనచిత్రం ఆమెకు వీరస్వర్గాన్ని ఇచ్చింది, జీవితాన్ని ఇవ్వలేదు. బలమైన స్త్రీదేహం కనిపించినప్పుడు కూడా అది తాత్కాలికమే అయింది.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• వండర్ ఉమన్ బలం మొదట శిక్షణ నుంచి, తరువాత దేవతల కానుక నుంచి, 2017 చిత్రంలో పుట్టుక నుంచి వచ్చింది. ఈ క్రమంలో కండరం కథకు అనవసరమైంది.

• 1970ల టెలివిజన్ ఒకే రకమైన శక్తికి పురుషుని విషయంలో దేహదారుఢ్యాన్ని, స్త్రీ విషయంలో సౌందర్యాన్ని అర్హతగా ఎంచుకొంది.

• కండలు గల స్త్రీలకు తెరపై స్థానం లభించినప్పుడు అది నాయిక వెనుకనే లభించింది.

• గ్రాఫిక్స్ వల్ల దేహానికి హద్దులు తొలగినా స్త్రీ కండకు పెట్టిన హద్దు తొలగలేదు.

సూపర్ హీరోయిన్లందరూ కండలు తిరిగిన దేహాలతో ఉండాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. సన్నని స్త్రీలోనూ ధైర్యం, తెగువ ఉంటాయి. సమస్య ఎంపికలో లేదు. ఎంపిక ఎప్పుడూ ఒకేవైపు మొగ్గడంలో ఉంది. బలం వరంగా మాత్రమే వస్తుందని చూసే బాలిక దాన్ని మెచ్చుకోగలదు గాని ఆశించలేదు. సాధనతో వచ్చే బలాన్ని చూసినప్పుడు ఆమె దాన్ని తనదిగా ఊహించుకోగలదు. మార్స్టన్ తొలి కథల్లో ఉన్న ఆ అవకాశాన్ని తెర ఇంకా పూర్తిగా అందిపుచ్చుకోవలసి ఉంది.