అనలాగ్ టీవీ ప్రమాణాలు: గల్ఫ్ నుంచి కోరుట్లకు

అనలాగ్ కాలంలో ఒక దేశపు టీవీ మరో దేశంలో పనిచేస్తుందన్న భరోసా ఉండేది కాదు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల వలస కుటుంబాలకు ఇది డబ్బుతో ముడిపడిన విషయం. సెలవుకు వచ్చేవాళ్లు మోసుకొచ్చిన టీవీ, వీసీఆర్, క్యాసెట్లు ఇక్కడ ఆడతాయా లేదా అన్నది అవి ఏ దేశానివన్న దాన్ని బట్టి ఉండేది.

రంగుల ప్రసారానికి మూడు పద్ధతులు స్థిరపడ్డాయి. అమెరికా 1953లో ఎన్‌టీఎస్‌సీని ఆమోదించింది. అందులో బొమ్మకు 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. పశ్చిమ జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన పాల్, ఫ్రాన్స్‌లో ఆంరీ ద ఫ్రాన్స్ రూపొందించిన సెకామ్ 1967లో ప్రసారానికొచ్చాయి. ఈ రెండూ సాధారణంగా 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలవే. తేడా రంగును పంపే తీరులో ఉంది.

ఢిల్లీలో 1959 సెప్టెంబర్ 15న మొదలైన నలుపు తెలుపు ప్రసారం కూడా 625 గీతలదే. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ పాల్ పద్ధతిలో రంగుల్లోకి మారినా పాత టీవీలు మూలన పడలేదు. వెలుగునీడల సంకేతం అలాగే ఉంది, దానిమీద 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర రంగు సమాచారం అదనంగా చేరింది. పాత టీవీ దాన్ని పట్టించుకోదు. సామాన్యుడి సొమ్మును కాపాడిన గొప్ప ఇంజనీరింగ్ ఇది.

బయటి టీవీ ఇక్కడ పనిచేయాలంటే పాల్ అయితే చాలదు, ధ్వని కూడా కుదరాలి. బొమ్మకూ ధ్వనికీ మధ్య ఎడం ఇక్కడ 5.5 మెగాహెర్ట్జ్, బ్రిటన్, హాంకాంగ్‌లలో 6 ఉండేది. అక్కడి టీవీని ఇక్కడ పెడితే బొమ్మ వచ్చినా మాట సరిగా వినిపించేది కాదు. దుబాయి, కువైట్, మస్కట్‌లలో మాత్రం మన పద్ధతే ఉండేది.

గల్ఫ్‌లో చిక్కంతా సౌదీతోనే. అక్కడ సెకామ్ ఉండేది. అక్కడి టీవీ ప్రసారాన్ని వీసీఆర్‌లు మీసెకామ్ అనే పద్ధతిలో రికార్డు చేసేవి. ఆ క్యాసెట్‌ను పాల్ మాత్రమే తెలిసిన వీసీఆర్‌లో వేస్తే రంగు పోయి బొమ్మే మిగులుతుంది. అమెరికా నుంచి బంధువులు పంపిన పెళ్లి క్యాసెట్ది ఇంకా కష్టం: గీతలు వేరు, టేపు వేగం వేరు. ఒకే టి-120 క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీలో 2 గంటలు, పాల్‌లో దాదాపు 3 గంటలు నడుస్తుంది.

గల్ఫ్ దుకాణాల్లో దొరికిన మల్టీ సిస్టమ్ టీవీలు, వీసీఆర్‌లు ఈ గోడలను చాలావరకు తొలగించాయి. దూరదర్శన్ 2022 నాటికి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ మూసేసింది. అయినా ఇళ్లలో పాత క్యాసెట్లున్నాయి. డిజిటల్‌లోకి మార్చమని ఇచ్చేముందు ఆ క్యాసెట్ ఏ దేశంలో రికార్డయిందో దుకాణదారుకు తప్పక చెప్పండి. టేపులో ఉన్న రంగు కాపీలో పోకుండా ఉంటుంది.