ఆటకు ముందు కండరాల సాగదీత: ఏ పద్ధతి ఎప్పుడు మేలు?

పరుగు పందేనికైనా, కబడ్డీ బరికైనా దిగే ముందు కాళ్లు చాచి, నడుము వంచి కండరాలను సాగదీయడం క్రీడాకారులకు పరిపాటి. దీనినే స్ట్రెచింగ్ అంటారు. అయితే అన్ని పద్ధతులూ ఒకే ఫలితాన్ని ఇవ్వవు.

ప్రధాన పద్ధతులు మూడు. కండరాన్ని సాగదీసి కొంతసేపు కదలకుండా నిలపడం స్టాటిక్ పద్ధతి. కాలిని ముందుకూ వెనుకకూ ఊపడం, మోకాళ్లు పైకెత్తుతూ నడవడం వంటి అదుపులో ఉన్న కదలికలు డైనమిక్ పద్ధతి. సాగిన కండరాన్ని బిగించి, సడలించి, మరికొంత సాగదీయడం పి.ఎన్.ఎఫ్. పద్ధతి. అమెరికా వైద్యుడు హెర్మన్ కాబట్ 1940వ దశకంలో అవయవాలు చచ్చుబడిన రోగుల చికిత్సకై దీనిని రూపొందించగా, తరువాత క్రీడారంగానికీ వచ్చింది.

ఈ మూడూ కీళ్ల కదలికను పెంచుతాయి. కండరాల శక్తి విషయంలోనే తేడా ఉంది. డేవిడ్ బెమ్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, సాగదీసిన కొద్దిసేపటికే పరీక్షిస్తే కండరాల పనితీరు స్టాటిక్ పద్ధతిలో సగటున 3.7 శాతం, పి.ఎన్.ఎఫ్.లో 4.4 శాతం తగ్గింది. డైనమిక్ పద్ధతిలో 1.3 శాతం పెరిగింది. స్టాటిక్ పద్ధతిలో ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు లేదా అంతకు మించి సాగదీసినప్పుడు నష్టం 4.6 శాతం, అంతకు తక్కువైతే 1.1 శాతం మాత్రమే. సెకనులో చిన్న భాగంతో గెలుపోటములు తేలే పరుగులో ఇది స్వల్పమైన తేడా కాదు.

సాగదీత గాయాలన్నింటినీ ఆపుతుందన్న నమ్మకానికీ ఆధారం చాలదు. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిపై జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామానికి ముందు స్టాటిక్ సాగదీత కాళ్ల గాయాలను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

కావున పోటీకి ముందు 5 నుండి 10 నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకొని, ఆపై డైనమిక్ కదలికలు చేయడం శ్రేయస్కరం. నిలిపి ఉంచే సాగదీతను ఆట ముగిశాక గాని, వేరొక వేళ గాని చేయవచ్చు. ఒక్కోసారి 10 నుండి 30 సెకన్లు, ఒక్కో భంగిమకు మొత్తం 60 సెకన్లు, వారానికి కనీసం 2, 3 రోజులు చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2011లో సూచించింది. కండరం బిగుతుగా తోచేంత వరకే సాగదీయాలి. నొప్పి పుడితే వెంటనే ఆపాలి. పిల్లల వీపుపై నొక్కి బలవంతంగా వంచడం ఏ పద్ధతిలోనూ తగదు.